రాత్రికి సరిపడా నూనె

ప్రియమైన సహోదరీ సహోదరులారా,

మరికాసేపట్లో మనలో వ్యాధితోనో వార్ధక్యంతోనో బలహీనపడినవారికి అభ్యంగనం, అంటే ప్రార్థనతో నూనె పూసే సంస్కారం, ఇవ్వబోతున్నాం. పీఠం పక్కన తెల్లని గుడ్డ పరచిన ఆ బల్లమీద చిన్న భరిణె ఒకటి ఉంది. బొటనవేలు దూరేంత వెడల్పు, లోపల నూనెలో తడిసిన దూది, అంతే. పీఠాధిపతులు తమ గురువులందరి మధ్య నిలబడి ఆశీర్వదించిన ఓలివు నూనె అది. అది మీ నుదుటిని తాకేలోపు, ఆ నూనెను ఆనుకొని ఉన్న మన విశ్వాసం గురించీ, బాధ గురించీ, ప్రభువు వచ్చే గడియకు సిద్ధంగా ఉండడమంటే ఏమిటన్న దాని గురించీ మీతో మాట్లాడాలని ఉంది.

మత్తయి సువిశేషం 25వ అధ్యాయంలోని పదిమంది కన్యల ఉపమానం మీలో చాలామందికి కంఠస్థమై ఉంటుంది. పెండ్లికుమారుణ్ణి ఎదుర్కొనడానికి దివ్వెలు పట్టుకొని వెళ్ళిన పదిమందిలో ఐదుగురు వివేకవతులు, ఐదుగురు అవివేకులు. ఈ కథ విన్నప్పుడల్లా అవివేకులు నిద్రపోయారనీ, వివేకవతులు కంటిమీద కునుకు లేకుండా కనిపెట్టుకొని ఉన్నారనీ మన మనసులో ఒక బొమ్మ పడిపోతుంది. దయచేసి ఇంటికి వెళ్ళాక 5వ వచనాన్ని మళ్ళీ చదవండి. పెండ్లికుమారుడు ఆలస్యం చేయగా వారందరూ కునికిపాట్లు పడి నిద్రపోయారని అక్కడ స్పష్టంగా ఉంది. పదిమందీ నిద్రపోయారు. అర్ధరాత్రి కేక వినబడినప్పుడు పదిమందీ ఉలిక్కిపడి లేచారు. తేడా అంతా నిద్రలోకి జారుకోకముందే సీసాల్లో నూనె పోసుకున్నారా లేదా అన్నదగ్గరే ఉంది.

రోగుల మంచాల పక్కన కూర్చున్నప్పుడు ఈ వచనం నాకు పదేపదే గుర్తుకొస్తుంది. "ఫాదర్‌గారూ, మాత్ర వేసుకున్నాక జపమాల రెండో రహస్యం దాటకముందే నిద్ర ముంచుకొస్తోంది, దేవుడు నామీద కోపగించుకుంటాడేమో" అని కన్నీళ్ళు పెట్టుకున్నవారిని నేను చూశాను. యాభై ఏళ్ళపాటు ప్రతి సాయంత్రం ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి జపమాల చెప్పించిన మనిషి, మందుల మత్తులో నాలుగు మంగళవార్త జపాలు పూర్తి చేయలేకపోతున్నానని తనను తాను నిందించుకోవడం ఎంత బాధాకరం! అమ్మా, మీ సీసాలో నూనె ఉంది. మీరు కునికినా అది ఆవిరైపోదు. వివేకవతులు కూడా కునికారు.

మరి ఆ నూనెను వారు తోటివారికి ఎందుకు ఇవ్వలేదు? పంచుకోమని నేర్పిన ప్రభువే, పంచుకోనివారిని వివేకవతులని ఎలా అన్నాడు? పునీత అగస్టీను ఈ నూనెను ప్రేమకు గుర్తుగా వివరించారు. అలా చూస్తే సంగతి కొంత విడిపోతుంది. నా దగ్గరున్న బియ్యం మీకు పెట్టగలను, డబ్బు ఇవ్వగలను, మీకోసం రాత్రంతా ప్రార్థించగలను కూడా. కానీ ముప్పై ఏళ్ళుగా నాలో పేరుకున్న ఓర్పును, క్షమించే అలవాటును, దేవునితో నాకున్న చనువును మీకు కష్టం వచ్చిన రాత్రి తీసి మీ చేతిలో పెట్టలేను. ఇవ్వాలని లేక కాదు, అవి చేతులు మారే వస్తువులు కావు కాబట్టి. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళే ముందు ఐదు నిమిషాల్లో నమ్మకాన్ని సంపాదించుకోవడం కూడా అంతే కష్టం. ఆ ఐదు నిమిషాల్లోనూ దేవుడు తన కృపను కుమ్మరించగలడు, సిలువపై దొంగకు అలాగే జరిగింది. అయితే దేవుడు కరుణామయుడన్న భరోసాతో రేపటికి వాయిదా వేసుకోవడం వేరు, ఆ కరుణను ఇవాళే అందుకోవడం వేరు.

నూనె ఎక్కడ నుంచి వస్తుంది? ప్రభువు తన శ్రమల ముందటి రాత్రి గడిపిన తోట పేరు గెత్సేమని. అరమాయిక భాషలో ఆ మాటకు నూనె గానుగ అని అర్థం. ఓలివు కొండ చరియల్లో కాసిన పండ్లను రాతిమీద నలగగొట్టి, ఆ ముద్దపైన బరువు పెట్టి నూనె తీసేవారు. ఆ పేరున్న చోటనే యేసు మోకరించి, తన ప్రాణం మరణమంతటి దుఃఖంలో మునిగిపోయి ఉందని శిష్యులతో చెప్పాడు. ఆ పాత్రను తన నుంచి తొలగించమని తండ్రిని అడిగాడు. ఈ ప్రార్థనను మనం తొందరగా దాటేసి, "నా చిత్తం కాదు, నీ చిత్తమే" అన్న రెండో భాగానికి వెళ్ళిపోతాం. మొదటి భాగం దగ్గర కాసేపు ఆగండి. దేవుని కుమారుడు నొప్పిని కోరుకోలేదు. భయపడ్డాడు. తనతో ఒక్క గంట మేలుకొని ఉండమని ముగ్గురు స్నేహితులను బతిమాలాడు. వారు నిద్రపోయారు. మత్తయి ఇంకో చిన్న సంగతి కూడా రాశాడు: మూడోసారి కూడా ఆయన అవే మాటలు పలుకుతూ ప్రార్థించాడట. జబ్బు పడ్డవారి ప్రార్థన సరిగ్గా అలాగే ఉంటుంది, కొత్త మాటలు దొరకవు. "ప్రభువా, ఇక చాలు, ప్రభువా, ఇక చాలు" అని తెల్లవారేదాకా అదే మాట. ఆ మాట ముందే ఆయన నోట నలిగింది.

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పుకోవాలి. గురువుగా అభిషేకం పొందిన తొలి సంవత్సరాల్లో, చిన్న బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి దగ్గరికి వెళ్ళాను. ఏదో ఒకటి చెప్పకపోతే గురువుగా నా పని నేను చేసినట్టు కాదనుకున్నాను. దేవుని తోటకు ఒక పువ్వు కావలసివచ్చిందమ్మా, అందుకే కోసుకున్నాడు అన్నాను. ఆమె నావైపు నిదానంగా చూసి, "ఆయన తోటలో అన్ని పువ్వులున్నాయి కదా ఫాదర్‌గారూ, నాకు ఒక్కటే ఉండేది" అంది. ఆ తర్వాత ఆమె ఇంకేమీ అనలేదు, నేనూ అనలేకపోయాను. చాలాసేపు అలాగే కూర్చొని వచ్చేశాను. ఇన్నేళ్ళ తర్వాత వెనక్కి చూసుకుంటే, ఆ ఇంట్లో నేను చేసిన ఒకే ఒక్క మంచి పని ఆ మాట తర్వాత మౌనంగా కూర్చోవడమే అనిపిస్తుంది.

యోబు గ్రంథంలోని స్నేహితులు ముగ్గురూ మొదట చేసినది సరైన పనే. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఆయనతోపాటు నేలమీద కూర్చున్నారు, ఆయన బాధ ఎంత తీవ్రమో చూసి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఎనిమిదో రోజు నుంచి నోరు తెరిచి, నువ్వు పాపం చేసి ఉంటావు, అందుకే నీకు ఇలా జరిగిందని వాదించడం మొదలుపెట్టారు. 42వ అధ్యాయానికి వచ్చేసరికి దేవుడు ఎవరిమీద కోపించాడు? తనను నిలదీసిన యోబుమీద కాదు. తన తరఫున వకాల్తా పుచ్చుకొని మాట్లాడామనుకున్న ఆ స్నేహితులమీద. నా సేవకుడు యోబు పలికినట్టు మీరు నన్ను గురించి సరైనది పలకలేదన్నాడు. ఏ పాపం చేశానని నాకీ రోగం అని అడిగే ప్రతి విశ్వాసికీ ఈ అధ్యాయం చదివి వినిపించాలి. యోహాను సువిశేషంలో పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఇతడు పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదన్నాడు ప్రభువు. సిలోయము బురుజు కూలి చనిపోయిన 18 మంది యెరూషలేములోని మిగతావారికంటే పాపాత్ములు కారని లూకా సువిశేషంలో ఆయనే చెప్పాడు. ఇంత చెప్పినా మన నోటినుంచి ఇంకా ఆ మాట పోలేదు. విశ్వాసం తక్కువైంది కాబట్టే స్వస్థత రాలేదని రోగి ముఖంమీదే అనేవారిని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. రోగానికి తోడు ఆ మాటను కూడా మోయమని అతని నెత్తిన పెట్టే హక్కు మనకు ఎవరిచ్చారు?

మందుల విషయం ఒక్కమాటలో చెప్పి వెళ్తాను. వైద్యుణ్ణి గౌరవించమనీ, మందులను భూమినుంచి పుట్టించినది దేవుడేననీ సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చెబుతుంది. మందు మానేయడం విశ్వాసానికి రుజువు కాదు.

మరి బాధకు అర్థమే లేదా అని అడుగుతారు. 1984 ఫిబ్రవరి 11న, లూర్దుమాత పండుగనాడు, రెండవ జాన్‌పాల్ పోపుగారు మానవ బాధకున్న క్రైస్తవార్థాన్ని గురించి ఒక ప్రేషిత లేఖ వెలువరించారు. అంతకు మూడేళ్ళలోపే, 1981 మే 13న, ఆయన తుపాకి గుండ్లకు గురై చావు అంచుదాకా వెళ్ళివచ్చారు. అందువల్ల ఆ లేఖను బల్లముందు కూర్చొని ఊహించి రాసినదిగా నేను చదవలేను. క్రీస్తు దేహమైన శ్రీసభకోసం ఆయన శ్రమలలో కొదువగా ఉన్నదానిని నా శరీరంలో పూర్తిచేస్తున్నానని పౌలు కొలొస్సీయులకు రాసిన మాటతో ఆ లేఖ మొదలవుతుంది. క్రీస్తు సిలువలో ఏదో లోటు మిగిలిపోయిందని దీని అర్థం కాదు. ఆయన రక్షణకార్యం సంపూర్ణం, అయినా అందులో మనకొక చోటు వదిలిపెట్టాడు. తల్లి వంటంతా పూర్తిచేయగలిగి ఉండీ, పక్కన నిలబడ్డ పసిబిడ్డ చేతిలో గరిటె పెడుతుందే, అలాంటిది అనుకుంటాను. ఆ లేఖ చివరిభాగం మంచి సమరీయుని ఉపమానానికి వచ్చి ఆగుతుంది. తన బాధతో మేలు చేయడం, బాధపడేవారికి మేలు చేయడం, ఈ రెండూ క్రీస్తు నేర్పినవేనని పోపుగారు అంటారు. ఈ రెంటినీ విడదీస్తే ప్రమాదం. నీ నొప్పిని ప్రభువుకు సమర్పించుకో అని చెప్పి దిండు సర్దకుండా వెళ్ళిపోయే మనిషి, దారిపక్కన పడి ఉన్నవాణ్ణి చూసి తప్పుకుపోయిన యాజకునికంటే ఎంత మేలు? సమరీయుడు ఆ గాయాలమీద ముందు నూనె, ద్రాక్షారసం పోశాడు, కట్టు కట్టాడు. ఉపదేశం ఏమీ చేయలేదు. పైగా సమర్పణ అనేది బాధపడేవారి నోటినుంచి మాత్రమే రావలసిన మాట, పక్కవారు ఆజ్ఞాపించి చేయించేది కాదు.

ఇప్పుడు ఆ భరిణె దగ్గరికి వద్దాం. మీలో ఎవరైనా రోగియై ఉంటే శ్రీసభ పెద్దలను పిలిపించాలి, వారు ప్రభువు నామమున అతనికి నూనె పూసి ప్రార్థించాలి అని యాకోబు తన లేఖ 5వ అధ్యాయంలో రాశాడు. శతాబ్దాలు గడిచేకొద్దీ ఈ సంస్కారాన్ని ప్రాణం పోయే క్షణానికి నెట్టుకుంటూ వచ్చాం, దాని పేరే కడవరి అభ్యంగనమైపోయింది. 1963లో రెండవ వాటికన్ మహాసభ, దీనిని వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అనడమే మరింత తగినదనీ, ఇది చావుబతుకుల మధ్య ఉన్నవారికి మాత్రమే ఉద్దేశించినది కాదనీ ప్రకటించింది. 1972లో ఆరవ పౌలు పోపుగారు నేటి క్రమాన్ని ఆమోదించారు. ఇన్నేళ్ళు గడిచినా కుటుంబాల్లో ఆ భయం పోలేదు. ఫాదర్‌ని పిలిస్తే నాన్నగారు హడలిపోతారు, ఇంకా కొన్నాళ్ళు చూద్దాం అంటూ ఆపుతారు. చివరికి స్పృహ తప్పాక ఫోను చేస్తారు. నేను పరుగున వెళ్ళేసరికి ఆయన పాపసంకీర్తనం చేయగలిగే స్థితిలో ఉండరు, దివ్యసత్ప్రసాదం మింగలేరు, తన పేరుతో జరుగుతున్న ప్రార్థనకు ఆమెన్ అనలేరు. ఆ స్థితిలో కూడా అభ్యంగనం ఇస్తాను, దేవుని కృప అక్కడ కూడా పనిచేస్తుందని మన విశ్వాసం. అయినా ఆయన మాట్లాడగలిగిన రోజున పిలిచి ఉంటే ఎంత బాగుండేది! తీవ్రమైన జబ్బు మొదలైనప్పుడు, పెద్ద ఆపరేషన్‌కు ముందు, వయసు మీదపడి శరీరం సడలుతున్నప్పుడు దీనిని కోరవచ్చు. కోలుకొని మళ్ళీ జబ్బుపడితే మళ్ళీ కోరవచ్చు, అదే జబ్బు ముదిరినా కోరవచ్చు.

నిజానికి మరణించేవారికి శ్రీసభ ఇచ్చే చివరి సంస్కారం దివ్యసత్ప్రసాదం. లాటిన్‌లో దానికున్న వియాతికుమ్ అనే పేరుకు మన భాషలో అచ్చంగా సరిపోయే మాట ఉంది: దారిబత్తెం. మింగడం కష్టమైనవారికి అప్పంలో గోరంత ముక్క విరిచి నాలుకమీద పెట్టి, చెంచాతో కొద్దిగా నీళ్ళు పోస్తాం. ఆ గోరంత ముక్కలో క్రీస్తు సంపూర్ణంగా ఉన్నాడు.

సిద్ధపాటు అనగానే మనకు ధైర్యం, వెలుగు, ఉత్సాహం గుర్తుకొస్తాయి. ఫ్రాన్సు దేశపు మఠకన్య, లిసియూ పునీత తెరేజమ్మగారి చివరి పద్దెనిమిది నెలలు చూడండి. 1896లో పవిత్ర గురువారం రాత్రి ఆమె నోటినుంచి మొదటిసారి రక్తం పడింది. ఆ పాస్క పండుగ రోజుల్లోనే ఆమె మనసులో చీకటి కమ్ముకుంది, పరలోకం అనే మాట తలచుకోగానే అక్కడ ఏమీ లేదన్న వెక్కిరింత లోపల వినిపించేది. అటువంటి సమయంలో ఆమె విశ్వాస సంగ్రహాన్ని తన రక్తంతో ఒక కాగితంమీద రాసి దగ్గర ఉంచుకుంది. నమ్మకం మనసుకు తీయగా తోచినా తోచకపోయినా నమ్మడానికే నిశ్చయించుకుంది. 1897 సెప్టెంబర్ 30న, 24 ఏళ్ళ వయసులో, ఆమె కన్నుమూసింది. సరిగ్గా నూరేళ్ళ తర్వాత, 1997లో, శ్రీసభ ఆమెను వేదపారంగతురాలిగా, అంటే విశ్వాసులందరికీ బోధకురాలిగా, ప్రకటించింది. మీ ప్రార్థన పొడిబారి ఉందని, దేవుడు దూరమైపోయాడని మీకనిపిస్తే, ఆమె ఆ కాగితాన్ని పట్టుకున్నట్టుగా మీరు కూడా విశ్వాస సంగ్రహాన్ని మెల్లగా, ఒక్కొక్క మాటగా చెప్పుకోండి.

ఇంకొకరిని తలచుకోకుండా ఉండలేను. వియత్నాం దేశానికి చెందిన ఫ్రాన్సిస్ జేవియర్ న్గుయెన్ వాన్ తువాన్ అనే పీఠాధిపతిని 1975 ఆగస్టు 15న, మోక్షారోపణ మాత పండుగనాడు అరెస్టు చేశారు. 13 సంవత్సరాలు నిర్బంధంలో ఉన్నారు, అందులో తొమ్మిదేళ్ళు ఒంటరి చెర. అరెస్టు నాటికి ఆయన వయసు 47. విడుదలయ్యే రోజుకోసం కాచుకొని కూర్చోవాలా అన్న ప్రశ్న మొదట్లోనే వచ్చిందట. కాచుకొని కూర్చోను, ఈ క్షణాన్ని ప్రేమతో నింపుతూ జీవిస్తానని నిర్ణయించుకున్నారు. కడుపునొప్పి మందు అని పేరు రాసిన చిన్న సీసాలో విశ్వాసులు ఆయనకు ద్రాక్షారసం పంపారు. మూడు చుక్కల ద్రాక్షారసం, ఒక చుక్క నీరు అరచేతిలో పోసుకొని, అరచేతినే పాత్రగా చేసుకొని దివ్యపూజ అర్పించేవారు. అరచేతిని ఒకసారి గుంటచేసి చూసుకోండి. ఎంత చోటుంది అందులో? దేవాలయానికి వెళ్ళలేక మంచంమీద ఉండిపోయిన మనిషి తనకు అర్పించడానికి ఏమీ మిగల్లేదనుకుంటే, నేను ఆ అరచేతి సంగతి చెబుతాను.

ఇంటి దగ్గర మనం చేయగలిగినది కూడా అరచేయంతే. రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు దీపం ఆర్పి, ఆ రోజు ఎక్కడ కృతజ్ఞత కలిగిందో, ఎక్కడ ఎవరి మనసు గాయపరిచామో ప్రభువు ముందు నెమరువేసుకోవచ్చు. ఎవరితో మాటలు ఆగిపోయాయో వారికి మరుసటి ఉదయం ఫోను చేయాలని నిశ్చయించుకోవచ్చు. చాలామందిని మరణశయ్యమీద పీడించేది చావు భయం కంటే, ఇరవై ఏళ్ళుగా మాట్లాడని తమ్ముడి ముఖమే. శ్రీసభ ప్రతిరాత్రి ప్రార్థనలో, ప్రభూ, నీ చేతులకు నా ఆత్మను అప్పగిస్తున్నాను అన్న కీర్తన వచనాన్ని మనచేత పలికిస్తుంది. సిలువమీద ప్రభువు చివరిగా పలికినట్టు లూకా రాసిన మాటే అది. నలభై ఏళ్ళు ఆ మాట చెప్పుకొని నిద్రపోయినవారికి, ఇక లేవని నిద్రకు ముందు అది కొత్త మాట కాదు. మంగళవార్త జపంలో కూడా మనం మరియమ్మను రెండే గడియల కోసం అడుగుతాం, ఇప్పుడును, మా మరణ సమయమందును. ఒకరోజు ఆ రెండు గడియలూ ఒకటవుతాయి. అప్పటిదాకా మన చేతిలో ఉన్నది ఆ మొదటి మాటే.

నాకు తెలిసిన ఒక వృద్ధురాలు చివరి వారంలో మాట పడిపోయాక, ఇంట్లోవారు జపమాల చెబుతుంటే బొటనవేలితో దుప్పటి అంచును పూసలాగా జరుపుతూ ఉండేది. పూస లేదు, జపమాల ఆమె చేతిలో లేదు. వేలికి మాత్రం లెక్క తెలుసు. పది జరిగాక ఆగేది, మళ్ళీ మొదలుపెట్టేది.

ఇక అభ్యంగనం ప్రారంభిద్దాం. నడవగలిగినవారు మధ్య వరుసలోంచి రండి. లేవలేనివారు కూర్చున్నచోటే ఉండండి, నేనే మీ దగ్గరికి వస్తాను. మొదట మౌనంగా మీ తలమీద చేతులుంచుతాను, తర్వాత నుదుటిమీద, ఆపైన చేతులమీద నూనె పూస్తాను. అరచేతులు పైకి తెరిచి ఉంచండి. చేయి ఎత్తలేనివారి చేతిని పక్కన ఉన్నవారు మెల్లగా పట్టుకోండి.